పది ఊపిరుల అడుగు

దిగువపట్టు అడవిలో చలికాలం అంటే పెద్దలకు వణుకు, పిల్లలకు దగ్గు. మైదానం మధ్యలో ఒక పెద్ద గుంట ఉండేది. ఏనాడో పిడుగు పడి అంటుకున్న నిప్పును అందులో ఆరిపోనివ్వకుండా, తరతరాలుగా నల్లరాళ్లు వేస్తూ కాపాడుకుంటూ వచ్చారు. పొద్దు వాలగానే అందరూ దాని చుట్టూ చేరేవాళ్లు. ఆ సెగ లేకపోతే కొత్తగా పుట్టిన పిల్ల తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. సెగ ఉంటే పొగ ఉంటుంది. మంచు పైన కప్పు వేసినట్టు పరుచుకుంటే పొగ ఎక్కడికీ పోలేక కిందే తిరిగేది. పోయిన చలికాలం దుప్పి ముత్యాలు కన్న కూన పోయింది, చలికి కాదు, దగ్గుకి.

ముంగిస నాంచారమ్మ ఈ అడవికి కొత్త. తొలకరి రోజుల్లో ముగ్గురు పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని, అంత దూరమూ మూడుసార్లు తిరిగి తెచ్చుకుంది. ఒకరిని మోస్తున్నప్పుడు మిగతా ఇద్దరూ ఏమైపోతున్నారో అన్న బెదురు ఆమెను ఇంకా వదల్లేదు. పడుకునే ముందు పిల్లల్ని లెక్కపెట్టేది. సరిపోయాక మళ్లీ లెక్కపెట్టేది.

ఆమె పుట్టిల్లు నల్లగుట్ట. గుంటలో కాలే రాళ్లు అక్కడివే. అడవిపందులు వాటికోసం ఏటికేడు తవ్వుతూ తవ్వుతూ ఈ వానలకు ఆమె బొరియ దాకా వచ్చాయి. అందుకే గుంట దగ్గర అందరూ హాయిగా కళ్లు మూసుకుంటే, ఆమెకు మాత్రం ఆ పొగలో పుట్టింటి మట్టి వాసన వచ్చేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. తన పిల్లలు కూడా ఆ సెగకే బతుకుతుంటే ఏ ముఖం పెట్టుకుని అంటుంది?

కడగొట్టు పిల్ల చిట్టికి మార్గశిరంలోనే దగ్గు పట్టుకుంది.

అలాంటి రోజుల్లో కోటిలింగం అనే నక్క ఒక తెల్లరాయి తెచ్చాడు. అడవిలో ప్రతివాళ్లనీ ఏదో ఒక వరస కలిపి పిలిచేవాడు అతను. వేటాడి తినవలసినవాళ్లతో కూడా చుట్టరికం చెడగొట్టుకునేవాడు కాదు. ఆ రాయిని రోజంతా ఎండలో ఉంచి, సాయంత్రం గుంట దగ్గరికి తెచ్చి అందరినీ ముట్టుకుని చూడమన్నాడు. వెచ్చగా ఉంది. తెల్లారేదాకా వెచ్చగానే ఉంది. పగలు ఎండ తాగి రాత్రి సెగ వదిలే రాయి అది. పొగ లేదు. మసి లేదు. ఒకరాత్రి దాన్ని చిట్టి పక్కన పెట్టనిచ్చాడు. ఆ ఒక్కరాత్రీ చిట్టి దగ్గలేదు. నాంచారమ్మ మాత్రం నిద్రపోలేదు, పిల్ల ఊపిరి అంత నెమ్మదిగా వినపడటం అలవాటు లేక.

ఆ రాళ్లు వాగుకు అవతల తెల్లగుట్ట కడుపునిండా ఉన్నాయన్నాడు కోటిలింగం. తవ్వడానికి అడవిపందులు సిద్ధంగా ఉన్నాయన్నాడు.

తెల్లగుట్టలో కుందేళ్లు, ఉడుములు, ఏదుపందులు కాపురముంటాయి. వాగు పుట్టేదీ ఆ గుట్ట మొదట్లోని ఊటలోనే. ఒకరి ఇంటి కింద తవ్వాలంటే ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. అక్కడ ఉండేవాళ్లు, అక్కడి నీళ్లు తాగేవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాళ్లు తడి బంకమట్టిలో కాలు మోపి, పది ఊపిరులు తీసేంతసేపు కదలకుండా నిలబడాలి. పరుగులో ఇచ్చిన మాట మాట కాదని పాతవాళ్లు అలా పెట్టారు. ఎండి గట్టిపడిన ఆ అడుగే సాక్ష్యం. నల్లగుట్టకు ఆ కట్టుబాటు లేదు. అది వేరే అడవి.

పిల్లలు దాన్నే ఆటగా ఆడుకునేవాళ్లు. చిట్టి కూడా మట్టిలో కాలు పెట్టేది. నాలుగో ఊపిరికో ఐదో ఊపిరికో దగ్గు వచ్చి ఒళ్లంతా కదిలిపోయేది, అడుగు చెదిరిపోయేది. మళ్లీ మొదటినుంచి పెట్టేది.

గుట్టవాళ్లతో మాట్లాడే పని తనమీద వేసుకున్నాడు కోటిలింగం. అయిదోరోజు పొద్దున్నే అందరినీ వాగు ఒడ్డుకు పిలిచాడు. అవతలి ఒడ్డున బంకమట్టి ఎండి ఉంది, దానినిండా అడుగులే. మంచులో మసకగానే కనిపించాయి గానీ, ఎన్ని ఉన్నాయో చెప్పలేనన్ని ఉన్నాయి. అడవికి పెద్ద అయిన ముసలి దున్నకు చూపు ఆనదు. ఎన్ని అడుగులో పక్కవాళ్లు చెబుతుంటే విని, గుట్టవాళ్ల మనసు ఇంత పెద్దదనుకోలేదని కళ్లు తుడుచుకున్నాడు. వాగు దాటి దగ్గరికి వెళ్లి చూడాలని ఎవరికీ అనిపించలేదు. మర్నాడు పొద్దున తవ్వకం మొదలు అనుకుని వెళ్లిపోయారు.

నాంచారమ్మకు మాత్రం కాలు నిలవలేదు. ఇంత ఇస్తున్నవాళ్లకు ఒక మంచిమాటైనా చెప్పకుండా ఎలా పుచ్చుకుంటాం అనుకుంది. మధ్యాహ్నం ఎండ వచ్చాక వాగు దాటింది. దాటగానే కాళ్ల దగ్గరే ఎండిన మట్టి. పిల్లలకు చెప్పాలి కదా, ఎవరెవరు ఒప్పుకున్నారో చూద్దామని వంగింది.

ఇది కుందేలు. కానీ వెనకకాళ్ల గుర్తులు ముందుకాళ్లను దాటి పడ్డాయి. పరుగెత్తే కుందేలుకే అలా పడతాయి. ఇది ఉడుము. మధ్యలో తోక ఈడ్చిన గీత ఉంది. ఏ అడుగు చూసినా వేళ్ల దగ్గర లోతుగా దిగింది, మడమ అసలు ఆనలేదు. అన్నీ ఒకే వైపుకు, నీళ్ల వైపుకు పోతున్నాయి. పెద్ద అడుగుల పక్కన చిన్న చిన్న అడుగులు కూడా ఉన్నాయి, మాట ఇచ్చే వయసు రాని పిల్లలవి.

నాంచారమ్మ ఇంకో అడుగు మీదికి వంగింది.

"ఏం చెల్లెమ్మా, అంత తీరిగ్గా చూస్తున్నావు?"

కోటిలింగం ఎప్పుడు వచ్చాడో, వెనకే నిలబడి ఉన్నాడు.

"వీటిలో ఒక్కటి కూడా నిలబడిన అడుగు కాదు, అన్నయ్యా."

అతను కాదనలేదు. "వాళ్లు నీళ్లకు వచ్చే దారిలో నాలుగు రోజులు మట్టి పరిచాను. తొక్కారు. తొక్కమని నేను చెప్పలేదే."

"ఒక్కసారైనా అడిగావా వాళ్లని?"

"అడిగితే కాదంటారు. కాదంటే మీ చిట్టికి రాయి ఎక్కడినుంచి వస్తుంది?" గొంతు తగ్గించాడు. "నువ్వు ఇల్లు పోగొట్టుకుని రాలేదూ? బతకడం లేదూ? వాళ్లూ ఎక్కడో అక్కడ బతుకుతారు. ఈ చలికాలం వెళ్లేలోపు ఎంతమంది పిల్లలు పోతారో నువ్వే చెప్పు. నేను చేసింది తప్పే అనుకో, ఆ తప్పు వల్ల పదిమంది ఊపిరి పీలుస్తారు. మొదటి రాయి నీ గుమ్మంలో పెట్టిస్తాను. నువ్వు ఇటు రాలేదు, ఏదీ చూడలేదు. అంతే."

నాంచారమ్మ మళ్లీ అడుగుల వంక చూసింది. అతను చెప్పినదాంట్లో అబద్ధం కొంచెమే. రాయి నిజం. దగ్గు నిజం. తలెత్తి గుట్ట వైపు చూసింది. కొన మీద తెల్లరాయి బయటికే కనిపిస్తూ ఎండకు మెరుస్తోంది. అక్కడ ఒక్క బొరియ లేదు. అయినా అడవిపందులు కోరలతో గీసి పెట్టుకున్న గుర్తులు కొన మీద లేవు. కింద, మెత్తటి మట్టిలో, బొరియల నోళ్ల దగ్గర ఉన్నాయి.

అప్పుడు గుర్తుకొచ్చింది. నల్లగుట్ట తవ్విన రోజున కూడా పైన నక్కలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఆ రోజు ఆమె తల్లి ఒక బొరియలోంచి బయటికి పరుగెత్తింది, ఆపైన మళ్లీ కనిపించలేదు. గుంట దగ్గరా, నీళ్ల దగ్గరా వేట నిషేధం. ఇల్లు కూలి బయటపడ్డవాళ్లను పట్టుకోవడానికి ఏ నిషేధమూ అడ్డం రాదు.

ఆ సాయంత్రం చిట్టి అడిగింది, రేపు రాళ్లు వస్తాయా అని. తెలియదమ్మా అంది నాంచారమ్మ. వాళ్లే ఇస్తామన్నారుగా అంది చిట్టి. పిల్లలతో అబద్ధం ఆడటం నాంచారమ్మకు చేతకాదు. పిల్ల వీపు నిమిరింది. ఒప్పుకుని అడుగు వేయనివాళ్ల ఇంటిని పడగొట్టి తెచ్చిన రాయిని ఈ పిల్ల పక్కన ఎలా పెట్టడం అనుకుంది. వెంటనే, పెట్టకుండా ఎలా ఉండటం అని కూడా అనుకుంది. రెండూ తన మాటలే.

తెల్లవారకముందే లేచి, వాగులోంచి బంకమట్టి తెచ్చి ఇవతలి ఒడ్డున పరవడం మొదలుపెట్టింది. పెద్దలు నిలబడే చోటినుంచి, కోటిలింగం ఎప్పుడూ ఎక్కి కూర్చునే బండ దాకా పరిచింది.

అందరూ చేరాక దున్న దగ్గరికి వెళ్లింది. "తాతా, గుట్టవాళ్లు అడుగు వేశారు. మరి ఈ నీళ్లు తాగేవాళ్లం మనం? కట్టుబాటు మనకీ ఉందిగా. మాట తెచ్చినవాడు ముందు వేస్తే, వెనక మేం వేస్తాం."

నిజమే కదా అన్నాడు దున్న. కోటిలింగం ఆమెవంక చూశాడు. ఆమె దారికి వచ్చిందనుకున్నాడు. ఠీవిగా నడిచి వచ్చి, మట్టిలో కాలు మోపి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. పిల్లలంతా పదిదాకా లెక్కపెట్టారు. కాలు తీసి, తడిమట్టి మీదుగానే నడుచుకుంటూ వెళ్లి తన బండ ఎక్కాడు.

"తాతా, నీ కళ్లు ఆనవని తెలుసు. మూతితో తడిమి చూడు. ఇది అన్నయ్య పది ఊపిరులు నిలబడిన అడుగు."

దున్న తల వంచి మూతి ఆనించాడు. వేళ్లూ అరికాలూ అంతా ఒకే లోతు అన్నాడు.

"ఇది నడిచి వెళ్లిన అడుగు."

"వేళ్ల దగ్గరే గుంత. వెనక ఏమీ లేదు."

"ఇప్పుడు వాగు దాటి, గుట్టవాళ్లవి చూడు తాతా."

కోటిలింగం బండ మీదినుంచి దిగబోయి ఆగాడు. దిగితే మళ్లీ మట్టిలోనే కాలు పెట్టాలి.

దున్న నీళ్లలోకి దిగి అవతలికి నడిచాడు. ఒక్కొక్క అడుగునూ తడుముతూ వెళ్లాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. చివరికి తలెత్తి అన్నాడు, "ఇవి దాహానికి వచ్చిన అడుగులు. ఒప్పుకోవడానికి వచ్చినవి కావు."

నక్కను తిడతారనుకుంది నాంచారమ్మ. కానీ దుప్పి ముత్యాలు నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"నా బిడ్డ పోయింది. నీ బిడ్డ దగ్గుతోంది. ఎందుకు చెప్పావే? నీకేం వచ్చింది?"

నాంచారమ్మ గుంట పొగ లేస్తున్న వైపు మూతి చూపించింది. "గుంటలో కాలేది మా ఇంటి కింది రాయి, అక్కా. మమ్మల్నీ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాళ్లమేమో. ఇప్పటికీ నాకు తెలియదు, ఎవరూ అడగలేదు కాబట్టి."

ముత్యాలు ఆ పొగ వైపు చూసింది. తర్వాత తిరిగి, దున్న వెనక తనూ వాగు దాటింది. గుట్టకు వెళ్లి అడిగినవాళ్లు వాళ్లిద్దరే.

గుట్టకు పెద్దది పుల్లమ్మ అనే కుందేలు. ముత్యాలు తన కూన సంగతి చెప్పింది, ఏడవకుండా. పుల్లమ్మ తమకు ఏడు రోజులు కావాలంది. ఆ ఏడు రోజులూ గుంట పొగలోనే గడిచాయి. చిట్టి దగ్గు ముదిరింది. నాంచారమ్మతో కొందరు మాట్లాడటం మానేశారు.

ఎనిమిదోరోజున గుట్టవాళ్లు కబురు పంపారు. కొన మీద, బొరియలు లేని ఎండు వైపు తవ్వుకోండి. ఊట నరం ఎటు పోతుందో మేం చూపిస్తాం, దాన్ని ముట్టకండి. తవ్వేటప్పుడు మావాళ్లు పక్కన ఉంటారు. బాలింతలకూ పిల్లలకూ ముందు. వినగానే అడవిపందులు మూతి ముడిచాయి. అక్కడ రాయి గట్టిది, పని నెమ్మది. రోజుకు ఒకటో రెండో రాళ్ల కంటే ఎక్కువ రాలేదు. ఆ ఏడాది గుంట ఆరలేదు, చిన్నదైంది అంతే. కోటిలింగం నిలబడిన అడుగునూ నడిచిన అడుగునూ ఎండనిచ్చి, వాగు దారిలోనే ఉంచేశారు. ఆ పైన అతను ఎవరి తరఫున మాట తెచ్చినా, ముందు వాటి వంక చూసేవాళ్లు. వరసలు పెట్టి పిలవడం అతనే మానుకున్నాడు.

రాయి అందాల్సిన పిల్లల వరసలో చిట్టి పందొమ్మిదోది. ముందుకు జరపమని నాంచారమ్మ అడగలేదు. అడగాలని ప్రతిరాత్రీ అనిపించింది. పుష్యం వెళ్లిపోతుండగా పుల్లమ్మే రాయిని దొర్లించుకుంటూ వచ్చి గుమ్మంలో పెట్టింది. ఇది మా ఇంటి రాయి అంది. లోపలికి తొంగి చూసి, పిల్ల ఏదీ అని అడిగింది.

చలి వెనకపట్టు పట్టాక ఒకరోజు చిట్టి వాగు ఒడ్డున తడిమట్టిలో కాలు పెట్టింది. నాంచారమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టింది. నాలుగు. అయిదు. ఏడో ఊపిరి దగ్గర ఆమె లెక్క తడబడింది. చిట్టి కదలలేదు. పది అయ్యాక మెల్లగా కాలు తీసి చూసుకుంది. వేళ్లూ మడమా ఒకే లోతున ఉన్న చిన్న అడుగు.

మన పిల్లల ఊపిరి కోసమైనా సరే, ఇంకొకరి ఇంటి కింద తవ్వే ముందు వాళ్ల గుమ్మంలో నిలబడి అడగాలి.