పదకొండు వైర్లు

ఎస్తేరు కాలేషా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో ఉస్తాద్ ఆమె పనిని ఒక్కసారి కూడా తప్పుపట్టలేదు. ఒక్కసారి కూడా పొగడలేదు. మొదటిది ఆమెకి గర్వంగా ఉండేది. రెండోది రానురాను ముల్లులా గుచ్చుకోసాగింది.

చీరాల స్టేషన్ రోడ్డులో ఉస్తాద్ దుకాణం చిన్నది. వాల్వు రేడియోల రోజుల నుంచీ ఆయన అక్కడే కూర్చున్నారు. ఊళ్లో సగం మిద్దెల మీద యాంటెన్నాలు నిలబెట్టింది ఆయనే. డిష్షులొచ్చాక వాటిని దింపిందీ ఆయనే. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. నిచ్చెన ఎక్కడం మానేశారు.

ఎస్తేరు పాలిటెక్నిక్ ముగించి పని కోసం తిరుగుతున్నప్పుడు, మిగతా దుకాణాల వాళ్లు కౌంటర్లో కూర్చుని బిల్లులు రాయమన్నారు. ఉస్తాద్ ఒక్క మాట అడిగారు.

"ఎత్తంటే భయమా అమ్మా?"

"లేదండీ."

ఆయన మూలనున్న నిచ్చెన తెచ్చి ఆమె చేతికిచ్చారు. అంతే. ఆ రోజు నుంచీ ఆయన మాటంటే ఎస్తేరుకి ఒక లెక్క, ఆయన మౌనమంటే ఇంకో లెక్క.

పనిలో ఆమెకి ఒక పేరు వచ్చింది. ఎస్తేరు టీవీ బిగించిందంటే గోడ మీద టీవీ తప్ప ఇంకేమీ కనిపించదని. పెట్టెలన్నీ దాని వెనకే సర్దేది. వైర్లని సన్నని తెల్లటి ప్లాస్టిక్ గొట్టంలోకి ఎక్కించి, గోడకి అంటించి, మీద గోడ రంగే పూసేది. వేలితో తడిమితే తప్ప గొట్టం ఉందని తెలిసేది కాదు. కొత్త ఇళ్లవాళ్లు ఆమె వచ్చేదాకా ఆగి మరీ పని చేయించుకునేవారు.

ఒకరోజు సాయంత్రం ఉస్తాద్ టీ తాగుతుంటే ఎస్తేరు అడిగేసింది.

"ఉస్తాద్, నేను నేర్చుకోవాల్సింది ఇంకా ఏమన్నా ఉందా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"వాడరేవు రోడ్డులో వినికిడి లేని పిల్లల బడి ఉంది చూడు. ఎవరో వాళ్లకి పెద్ద టీవీ ఇచ్చారంట. ఆ పని నువ్వొక్కదానివే చెయ్యి. నేను రాను. అయ్యాక పిలువు."

ఎస్తేరుకి ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఇంతకాలానికి ఆయన తన పేరు మీద ఒక పని అప్పగించారు.

ఆదివారం బడికి సెలవు. వాచ్‌మన్ తాళం తీసిపెట్టి వెళ్లిపోయాడు. గదిలో పాత టీవీ ఒకటి బల్ల మీద ఉంది. దాని చుట్టూ ఏళ్ల తరబడి ఎవరెవరో ఇచ్చిన సామాన్లు. ఒక సెట్‌టాప్ బాక్స్, ఒక డీవీడీ ప్లేయర్, పాత టీవీలో యూట్యూబ్ రావడానికి పెట్టిన చిన్న స్టిక్కు, ల్యాప్‌టాప్ తగిలించుకునే వైరు. బల్లకి అవతల మూలలో, నేల మీద పరిచిన వెడల్పాటి చెక్కపలక మీద ఒక పెద్ద నల్లటి స్పీకరు. అన్నిటికీ కలిపి పదకొండు వైర్లు, ఒకదాన్నొకటి చుట్టుకుని, దుమ్ముతో ఎలుక గూడులా ఉన్నాయి.

ఎస్తేరు ముందు వాటినన్నిటినీ విప్పింది. తడిగుడ్డతో ఒక్కో వైరునీ తుడిచింది. దేనికి ఎంత పొడవు కావాలో కొలిచి, మిగిలింది చుట్టి కట్టింది. పాత టీవీని పక్కకి తీసి కొత్తదాన్ని గోడకి బిగించింది. పెట్టెలన్నీ వెనక్కి చేర్చింది. స్పీకరు నేల మీద అడ్డంగా ఉందనిపించి, దాన్ని టీవీ పక్కనే ఏడడుగుల ఎత్తులో ఇనుప బ్రాకెట్ మీద కూర్చోబెట్టింది. చెక్కపలకని వరండాలో పడేసింది. పదకొండు వైర్లూ గొట్టంలోకి పోయాయి. గొట్టానికి రంగు పూసేసరికి సాయంత్రమైంది.

తలుపు దగ్గర నిలబడి వెనక్కి చూసుకుంది. ఇంత శుభ్రంగా ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

సోమవారం మధ్యాహ్నం ఉస్తాద్ వచ్చారు. పిల్లలు అన్నాలకి వెళ్లారు. గదిలో హైమవతి టీచరు ఒక్కరే ఉన్నారు. ఆ బడిలో పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి. ఆవిడ కూడా గదిలోకి అప్పుడే అడుగుపెట్టినట్టున్నారు, గోడ వంక కొంచెం తికమకగా చూస్తున్నారు.

ఉస్తాద్ పిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత లేచి వెళ్లి గొట్టాన్ని వేలితో పై నుంచి కింది దాకా తడిమారు.

"నా చేతుల్లో కూడా ఇంత నున్నగా రాలేదమ్మా ఎప్పుడూ," అన్నారు.

ఆరేళ్లకి వచ్చిన మాట.

"టీచర్‌గారూ, పిల్లలకి పెట్టే పాఠం ఏదన్నా పెట్టండి," అన్నారు ఉస్తాద్.

హైమవతి టీచరు రిమోటు తీసుకుని టీవీలోనే యూట్యూబ్ తెరిచి ఒక సైగల పాఠం పెట్టారు. తెర మీద ఒకావిడ చేతులు తిప్పుతూ వాన ఎలా పడుతుందో చెబుతోంది.

ఉస్తాద్ టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి ఒక వైరు పీకారు. పాత స్టిక్కు వైరు.

"ఏమన్నా ఆగిందా అమ్మా?"

ఎస్తేరు తెర వంక చూసింది. వాన కురుస్తూనే ఉంది. "లేదు ఉస్తాద్. యూట్యూబ్ ఈ టీవీలోనే ఉంది."

"టీచర్‌గారూ, చానళ్లు చూస్తారా?"

"ఎవరూ పెట్టరండీ. అన్నీ మాటలే కదా వాటిలో. ఎప్పుడో ఒకరిచ్చారు, ఉంచేశాం."

సెట్‌టాప్ బాక్స్ వైర్లు మూడు బయటికొచ్చాయి. వాన ఆగలేదు.

డీవీడీ ప్లేయర్‌లో రెండంటే రెండు డిస్కులు ఆడతాయట. ఎస్తేరు టీచరు ల్యాప్‌టాప్‌లో వాటిని పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. పెన్‌డ్రైవ్ టీవీ పక్కన గుచ్చితే అవే పాఠాలు వచ్చాయి. ప్లేయర్ వైర్లు రెండూ పోయాయి. ల్యాప్‌టాప్ తెరని వైఫై మీద టీవీలోకి పంపొచ్చని ఎస్తేరే చేసి చూపించింది. ఆ వైరూ పోయింది. స్పీకరుకి ఆ పెట్టెల నుంచి వచ్చే రెండు వైర్లు ఇక ఎందుకూ పనికిరావు కాబట్టి అవీ పోయాయి.

తొమ్మిది వైర్లు నేల మీద పడున్నాయి. ఏ ఒక్కటి పీకినప్పుడూ ఏదీ ఆగలేదు.

ఎస్తేరు వాటి పక్కన గొంతుక్కూర్చుంది. మొహం వేడెక్కింది. నిన్న రోజంతా వీటిని తుడిచింది, కొలిచింది, దాచింది. అక్కర్లేని వాటికి ఇల్లు కట్టింది. ఉస్తాద్ భుజం సంచిలోంచి ఒక హెచ్‌డీఎంఐ వైరు తీసి ఆమెకి అందించారు.

"టీవీ వెనక ఏఆర్‌సీ అని చిన్నక్షరాలున్న చోట పెట్టు. రెండో కొస స్పీకరుకి. టీవీలో ఏది మోగినా స్పీకర్లోనే మోగుద్ది. దానికీ దీనికీ ఇదొక్కటి చాలు."

ఎస్తేరు వైరు అందుకుంది కానీ పెట్టలేదు. ఆమెకి ఇప్పుడు పాఠం అర్థమైంది. అర్థమైందని ఆయనకి చూపించాలనిపించింది.

"ఇది మాత్రం ఎందుకు ఉస్తాద్? స్పీకరు కూడా తీసేస్తాను. టీవీకి కరెంటు వైరు ఒక్కటి మిగులుద్ది. ఇక్కడ వినేవాళ్లెవరున్నారు?"

హైమవతి టీచరు ఏదో చెప్పబోయారు. ఉస్తాద్ వద్దన్నట్టు చెయ్యి కొద్దిగా ఎత్తారు.

"పిల్లల్ని రానీ," అన్నారు.

వాళ్లు వచ్చారు. పన్నెండు మంది, కడుక్కున్న చేతులు గౌన్లకీ నిక్కర్లకీ తుడుచుకుంటూ. కొత్త టీవీని చూసి కళ్లు పెద్దవి చేశారు. ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, అందరూ గదిలో ఆ మూలకి వెళ్లారు. ఎస్తేరు స్పీకరు తీసేసిన మూల. అక్కడ ఏమీ లేదు. కాసేపు దిక్కులు చూశారు.

ముందు నిలబడ్డ పిల్ల పేరు మల్లేశ్వరి, ఎనిమిదేళ్లుంటాయి. ఆ పిల్ల తలెత్తి బ్రాకెట్ మీద నల్లపెట్టెని చూసింది. మునివేళ్ల మీద లేచి చెయ్యి చాచింది. అందలేదు. గోడకి దగ్గరగా జరిగి, తడి అరచేతులు రెండూ గోడకి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడింది. కొంచెంసేపాగి టీచరు వైపు తిరిగి చేతులు విప్పి అడ్డంగా తలూపింది.

ఎస్తేరుకి వాళ్ల సైగలు రావు. ఇది మాత్రం అర్థమైంది.

"తొమ్మిది రోజుల్లో ఒంగోల్లో పోటీలున్నాయండీ," అన్నారు హైమవతి టీచరు మెల్లగా. "మా వాళ్లు కోలాటం వేస్తున్నారు. పెట్టె మీద చేతులు పెట్టి దరువు పట్టుకుంటారు. పలక మీద నిలబడితే కాళ్లకి కూడా తెలుస్తుంది. మూడు నెలలుగా అట్లాగే నేర్చుకున్నారు."

"నిన్న అడుగుదామంటే ఎవరూ లేరండీ," అని మొదలుపెట్టి ఎస్తేరు ఆపేసింది. ఆదివారం వచ్చింది తనే. గది ఖాళీగా ఉంటే పని సుఖంగా సాగుతుందని.

ఆమె నిచ్చెన వేసుకుంది. బ్రాకెట్ మరలు విప్పింది. స్పీకరుని రెండు చేతులా పట్టి మెల్లగా కిందికి దించింది. కింద నుంచి ఉస్తాద్ రెండు చేతులూ పైకి చాచి అందుకున్నారు. వరండాలోంచి చెక్కపలక తెచ్చి, దుమ్ము దులిపి, దాని పాత చోటే వేసింది. పెట్టెని దాని మీద పెట్టింది.

టీవీకీ స్పీకరుకీ మధ్య ఇప్పుడు ఏడెనిమిది అడుగుల ఖాళీ గోడ ఉంది. కొత్త వైరు ఆ ఖాళీ దాటి రావాలి. గొట్టం ఉన్నది ఇంకో వైపు. సంచిలో వెతికింది, గొట్టం ముక్క ఒక్కటీ మిగల్లేదు.

ఎస్తేరు ఉస్తాద్ వైపు చూసింది. ఆయన నేల మీద కూర్చుని, మల్లేశ్వరి చూపిస్తున్న కోలాటం కర్రలకి కట్టిన రంగు కాగితాలు చూస్తున్నారు. ఇటు తల తిప్పలేదు.

ఆమె వైరుని గోడ అంచునే, పిల్లల కాళ్లకి తగలకుండా, మేకు క్లిప్పులతో కొట్టుకుంటూ వచ్చింది. తెల్లగోడ మీద నల్లటి వైరు. వాకిట్లోంచి చూసినా కనిపిస్తుంది. ఊళ్లో ఎవరన్నా చూస్తే ఇది ఎస్తేరు పనేనా అంటారు. చివరి క్లిప్పు కొట్టి, వైరు కొస స్పీకరుకి తగిలించింది.

హైమవతి టీచరు కోలాటం పాట పెట్టారు. డోలు దెబ్బ గదంతా నిండింది. పన్నెండు మంది పిల్లలు పెట్టె చుట్టూ మూగి దాని మీద అరచేతులు వేశారు. చోటు దొరకని వాళ్లు ముందున్న వాళ్ల వీపుల మీద వేశారు. ముందు మల్లేశ్వరి తల ఊగింది. తర్వాత మడమ. తర్వాత పలక మీదున్న కాళ్లన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే పడ్డాయి. కర్రలు పైకి లేచాయి. వరస విడిపోయి, రెండై, ఒకదాంట్లోంచి ఒకటి దాటుకుంటూ తిరిగింది. ఎక్కడా ఒక్క దెబ్బ తప్పలేదు.

ఎస్తేరు గోడకి జారగిలబడి చూస్తోంది. చేతిలో సుత్తి ఉన్న సంగతే మర్చిపోయింది. మల్లేశ్వరి వరసలోంచి బయటికొచ్చి, ఆ సుత్తి తీసి కింద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి నల్లపెట్టె మీద బోర్లించింది. అరచేతిలోంచి మోచేతి దాకా డోలు మోగింది. ఆ పిల్ల తెలిసిందా అన్నట్టు ఆమె మొహంలోకి చూసింది. ఎస్తేరు తలూపింది. తలూపుతుంటే కళ్లలో నీళ్లు కింద పడ్డాయి.

పాట అయ్యేసరికి ఉస్తాద్ గదిలో లేరు. ఎస్తేరు పరుగున బయటికొచ్చింది. ఆయన గేటు దగ్గర పాత స్కూటరుని స్టాండు మీద నుంచి దింపుతున్నారు.

"ఉస్తాద్!"

ఆయన ఆగారు.

"ఎన్ని వైర్లుంటే పని సరిగ్గా అయినట్టు?"

"నన్నడుగుతావేందమ్మా? లోపల ఉన్నారుగా, వాళ్లనడుగు."

"వాళ్లకి వినపడదు. వాళ్ల సైగలు నాకు రావు."

కాలేషా ఉస్తాద్ ఆమె చేతుల వంక చూశారు. రంగు మరకలు, క్లిప్పులు కొట్టేటప్పుడు కమిలిన బొటనవేలు.

"చేతులున్నాయిగా," అని స్కూటరు ఎక్కారు.

స్కూటరు మలుపు తిరిగేదాకా ఎస్తేరు అక్కడే నిలబడింది. తర్వాత గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి, చివరి వరసలో పిల్లల పక్కన కూర్చుంది.