గంగులు మేస్త్రి బిగించమన్న ఇరుసు

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. నలుగురిలో నోరు విప్పాలన్నా నాకు బెరుకే. అయినా గంగులు మేస్త్రి గారు చెప్పిన ఒక్క మాట నా దగ్గరే ఉండిపోకూడదని రాస్తున్నాను.

నర్సీపట్నంలో ఆయన షెడ్డులో నేను బండి పని నేర్చుకుంటున్నాను. కొండమీది ఊళ్ళ నుంచి అల్లం, పసుపు దింపడానికి నాలుగు చక్రాలూ లాగే ట్రక్కు ఒకటి అక్కడే కట్టించుకుంటున్నాం. ఘాటీ రోడ్డు మీద దాన్ని నడిపేది నేనే. వెనక ఇరుసు మంచిది కుదిరింది. ముందు ఇరుసు మాత్రం మా మరిది సన్యాసిరావు తన పాత ఇనుము కొట్లోంచి తెచ్చి పడేశాడు. రెండింటి లోపలి పళ్ళచక్రాల లెక్క ఒకటి కాదని మేస్త్రి గారు చెప్పారు.

"ఆ మాత్రం తేడా అవే సర్దుకుంటాయిలే వదినా. ఇంట్లో సరుకు పెట్టుకుని బయట కొంటావా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు మరిది. మా ఆయన కూడా, "పోనీ, సర్దుకోవే" అన్నారు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. అందుకని ఆ రోజు మేస్త్రి గారిని అడిగాను. "మనిషి ఎంతవరకు సర్దుకోవాలి మేస్త్రి గారూ?"

ఏది అడిగినా వెంటనే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఆ ఇరుసే బిగించమ్మా" అన్నారు. మనసొప్పకపోయినా బిగించాను. మరిది మీసం దువ్వుకున్నాడు.

మేస్త్రి గారు నాలుగు చక్రాలూ ఒకేసారి లాగించే లివరు వేయించి, మొదట బండిని షెడ్డు వెనక బురదలోకి తోలమన్నారు. హాయిగా పోయింది.

"చూశావా మేస్త్రీ! నీ లెక్కలన్నీ బురదలో కలిసిపోయాయి" అని మరిది ఒకటే నవ్వు.

మేస్త్రి గారు రోడ్డు వైపు చెయ్యి చూపించారు. లివరు తియ్యకుండానే సిమెంటు రోడ్డు ఎక్కించమన్నారు. మలుపు దాకా వెళ్ళేసరికి బండి మూలగడం మొదలుపెట్టింది. ముందు చక్రాలది ఒక నడక, వెనక చక్రాలది ఇంకో నడక. బురదలోలాగా జారడానికి అక్కడ వీల్లేదు. టైర్లు కీచుమని రోడ్డును గీరాయి. ఆపి లివరు లాగితే రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు.

మేస్త్రి గారూ మరిదీ వెనకే వచ్చారు. మేస్త్రి గారు ఒక ముందు చక్రాన్ని జాకీ పెట్టి లేపారు. అది నేలను వదలగానే, ఎవరూ ముట్టుకోకుండానే, గిర్రున వెనక్కి తిరిగింది. మరిది లుంగీ ఎత్తిపట్టుకుని రోడ్డు పక్క కాలవ అవతలకి గెంతాడు.

"కొండ దిగేటప్పుడు ఇలా బిగుసుకుపోతేనో?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన బండి కింద దూరి, ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె మీద చెయ్యి వేశారు. నన్నూ ముట్టుకోమన్నారు. చురుక్కుమంది.

"ముందరిది సర్దుకోలేదు, వెనకదీ సర్దుకోలేదమ్మా. సర్దుకుంటున్నది ఇది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ ఇరుసు విప్పి, ట్రాలీ ఆటోలో వేయించి, మరిది కొట్టు గుమ్మంలో దింపించాను. బేరానికి వచ్చినవాళ్ళంతా చూస్తున్నారు.

"పదిమందిలో ఇదేం పని వదినా!" అన్నాడు.

"వెనకదానికి జత కుదిరేది ఉంటే తియ్యి. లేకపోతే లేదని చెప్పు."

"ఇదే సరిపోతుందని చెప్పాను కదా!"

నేను పక్క ఇనుము కొట్టుకి వెళ్ళాను.