తుమ్మజిగురు ఆపిన మోత

మెడలో గడ్డ కరిగిందని, డాక్టరును అడగకుండానే మాత్రలు మానేశావా? బుద్ధి ఉందా నీకు? ఇలా కూర్చుని ఈ చెదపురుగుల సంగతి విను.

జీడితోట గట్టున పెద్ద చెదపుట్ట ఉండేది. అందులో పనివాళ్లు వేలమంది, పెద్దతలల కావలివాళ్లు వందమంది. కావలివాళ్లు కోరలు అడ్డొచ్చి తమంతట తాము తినలేరు. పనివాళ్లే నోట్లో పెట్టాలి. చీమలు దండెత్తితే గంగులు అనే కావలివాడు నేలకేసి తల కొట్టేవాడు. ఆ మోత వింటే దాదులు మరింతమంది పిల్లల్ని కావలివాళ్లుగా పెంచేవారు.

ఒకసారి చీమలు వెళ్లిపోయినా గంగులు ఆపలేదు.

"పోయాయి కదరా!" అంది ముసలి దాది పైడమ్మ.

"రేపు రావా పిన్నీ?" అంటూ మళ్లీ ఢక్, ఢక్.

దారులన్నీ పెద్దతలలతో నిండిపోయాయి. పసిపిల్లలకు తిండి మిగలడం లేదు.

బయట తొండ నాలుక చాపింది. "నన్ను రానివ్వండి, పెద్దతలల్ని మింగేస్తాను."

"ఎవరు పెద్దతలో, ఎవరు కాదో నీ నాలుకకు తెలుస్తుందా మామా?" అని అడిగింది పైడమ్మ.

"తెలియదు. ఆకలి ఒక్కటే తెలుసు."

"అయితే ముందు ఇంకో దారి చూస్తాం" అని పైడమ్మ తుమ్మజిగురు ముద్ద తెచ్చి, సరిగ్గా గంగులు తల తగిలే చోట అంటించింది. తల పడుతోంది, మోత లేదు.

"వినబడుతోందా పిన్నీ?"

"చెవులు పగులుతున్నాయి నాయనా, కానివ్వు!"

పుట్టంతా నోరు నొక్కుకుని నవ్వింది. మోత లేక కొత్త కావలివాళ్లు తయారుకాలేదు; పాతవాళ్లలో చాలామంది రోజులు నిండి పోయారు. లింఫోమాకి, అదే నీ మెడగడ్డ క్యాన్సర్‌కి, నువ్వు వేసుకునే మాత్రా అంతే. చెడ్డ కణంలో "బతుకు, పెరుగు" అనే కబురును మధ్యలోనే ఆపుతుంది.

పిల్లల కడుపులు నిండాయి. జిగురు రోజూ అరిగిపోయేది. రోజూ కొత్తది పెట్టే పని నూకరాజు అనే పనివాడిది.

"అంతా బాగుంది కదత్తా, ఇంకా జిగురెందుకు?" అన్నాడతను పైడమ్మతో.

"గంగులు తల కొట్టడం మానాడా?"

"లేదు."

"మరి?"

అయినా నూకరాజు రెండు రోజులు ఎగ్గొట్టి హాయిగా నిద్రపోయాడు. మోత మళ్లీ మోగింది. పైడమ్మ పరుగున వచ్చి జిగురు అంటించేసరికే నలభైమంది కొత్త పెద్దతలలు తయారు.

ఒళ్లు తేలికపడిందని మందు మానేవాడు రోగానికి తానే తలుపు తీస్తాడు.

ఆ నలభైమందికీ తినిపించే పని నూకరాజుకే పడింది. చివరివాడి నోట్లో ముద్ద పెట్టేసరికి, మొదటివాడు "ఆకలేస్తోంది బాబాయ్!" అని మళ్లీ నోరు తెరిచేవాడు.