నలుగురు వంటవాళ్లు, ఒక గరిటె

ఒక సర్వర్‌లో, అంటే అడిగినవారికి అడిగింది అందించే పెద్ద కంప్యూటర్లో, ఒక వంటశాల ఉండేది. కిటికీ దగ్గరికి వచ్చి ఎవరేం అడిగినా, స్క్రిప్టులో, అంటే ఏది ఎప్పుడు ఎలా చేయాలో రాసిన వరసలో, ఉన్నట్టు వండి ఇవ్వడం దాని పని. ఒకడే వంటవాడు, ఒకటే కుండ, ఒకటే గరిటె.

వరుస వీధి చివరిదాకా పెరిగింది. యజమాని మరో ముగ్గురిని పెట్టాడు. చేతులు కలిస్తే ఆకలి ఓడుతుందని గోడ మీద రాయించాడు. మొదటి పూటే ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, అదే కుండలో ఉప్పు వేశారు. అప్పటి నుంచి గరిటె చేతిలో ఉన్నవారే కుండ ముట్టాలన్నది చట్టమైంది.

ఆ చట్టం చుట్టూ మర్యాదలు మొలిచాయి. గరిటె ఇచ్చేవారు కడిగి ఇవ్వాలి. పుచ్చుకునేవారు కళ్లకద్దుకోవాలి. గోదాము నుంచి బియ్యం వచ్చేదాకా చేసే పనేమీ లేకపోయినా, గరిటె కింద పెట్టడం నామోషీ. ఒకరు వండుతుంటే ముగ్గురు చేతులు చాచి, చెమటలు కక్కుతూ నిలబడేవారు. వరుస మునుపటికన్నా నెమ్మదించింది.

కొత్తగా చేరినవాళ్లలో మంగతాయి ఒకతె. గోడ మీది మాట నిజమని నమ్మి చేరింది. కిటికీ అవతల ఒక తల్లి, జ్వరంతో సోలిపోయిన కొడుకును భుజాన వేసుకుని, పొద్దుటి నుంచి గంజి అడుగుతోంది. ఇప్పుడు వాడు కళ్లు కూడా తెరవడం లేదు.

మంగతాయి మొదటి నుంచీ ఉన్న పెద్ద వంటవాడి దగ్గరికి వెళ్లి, ఇంకో గరిటె తెప్పిద్దామంది.

"ఉప్పు సంగతి మరిచావా తల్లీ?" అన్నాడాయన.

"కుండ కూడా వేరే పెడదాం బాబాయ్."

"కుండ వేరైతే దాన్ని వంటశాల అనరే, వేరు కాపురం అంటారు."

మిగతా ఇద్దరూ నవ్వారు, చాచిన చేతులు దించకుండానే.

ఆమె పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచింది. మూడు రాళ్లు పేర్చి, అక్కడ బోర్లించి ఉన్న పాత కుండ ఎక్కించింది. కొబ్బరిచిప్పకు పుల్ల గుచ్చి గరిటె చేసుకుంది. స్క్రిప్టు ఆమెకు కంఠతా వచ్చు. తల్లిని అటువైపు పిలిచింది. గంజి గొంతు దిగాక పిల్లవాడు కళ్లు తెరిచి, ఇంకా కావాలన్నాడు.

వరుసలోవాళ్లు అది చూశారు. కొందరు పక్కనే ఇంకో పొయ్యి, ఇంకో కుండ పెట్టారు. ఎవరి ఉప్పు వారిది.

యజమాని మేడ మీంచి చూస్తే కిటికీ ముందు ఒక్కరూ లేరు. ఆకలి ఓడిపోయిందని చాటింపు వేయించి, మరో ఎనిమిది మందిని పనిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనం పైకి రాలేదు. దిగి వచ్చి చూస్తే గరిటె ఇంకా చేతులు మారుతోంది. ఒక్కొక్కరే కళ్లకద్దుకుంటున్నారు. ఆయన చప్పుడు చేయకుండా పెరటి గుమ్మం దాటి, అక్కడి వరుస చివర చేరాడు. ముందున్నవాడు వెనక్కి తిరిగి ఆయన్ను పోల్చుకున్నాడు. పక్కకు మాత్రం జరగలేదు.