ఆఠీను ఎనిమిది

“గురువుగారూ, చేతిలో ముక్కలు మరీ చెడ్డగా లేనప్పుడు, ఆట మధ్యలో వాటిని కింద పెట్టి లేవాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?” అని దొరబాబు అడిగాడు.

అడిగింది పేకాట గురించే. అడిగిన తీరు చూస్తే మాత్రం మోక్షం గురించి అనుకోవాలి. తువ్వాలు నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకుని, అరుగు కింద నిలబడి మరీ అడిగాడు. అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్న పేరయ్య పంతులుగారు తలెత్తకుండా “చూద్దాం” అన్నారు. ఏది అడిగినా ఆయన అనే మాట అదే. అలా అనడం ఆయనకు మర్యాదపూర్వకంగా జవాబు ఎగ్గొట్టే అలవాటని ఊరంతా అనుకునేది. దొరబాబూ అదే అనుకున్నాడు.

పంతులుగారు వయసులో ఉండగా పట్నం క్లబ్బుల్లో ఆడి, పోగొట్టుకోవలసినవన్నీ పోగొట్టుకుని, ఇంక పోగొట్టుకునేందుకు ఏమీ మిగల్లేదని తేలాక గురువైనవారు. చింతపిక్కలు పందెం పెట్టించి నేర్పుతారు గాని తాను ముక్క పట్టరు. ఎందుకండీ ఆడరని ఎవరైనా అంటే, “నేర్చుకున్నాను కదా” అంటారు. ఆయన దగ్గర ఇన్నాళ్లకు నిలిచిన శిష్యుడు దొరబాబు ఒక్కడే. తెలివైనవాడని కాదు, పక్కిల్లు కాబట్టి. అయినా చెప్పిన పాఠాలన్నీ అప్పగించగలడు. జోకరు లేకుండా ఒకే రంగులో వరసగా మూడు ముక్కలు పడితే దాన్ని లైఫ్ అంటారు, అది లేనివాడికి చేతిలో ఎన్ని అందాలున్నా చివరికి ముక్కలన్నీ లెక్కకొచ్చే ఫుల్ కౌంటే. ఆరు, ఏడు పట్టుకున్నవాడికి అయిదు వచ్చినా ఎనిమిది వచ్చినా సరిపోతుంది, అంటే ఇంటికి రెండు తలుపులు. ఏడు, తొమ్మిది పట్టుకున్నవాడికి ఎనిమిదే రావాలి, ఒకటే తలుపు. ఇవన్నీ దొరబాబు నిద్రలో కూడా చెబుతున్నాడని భార్య మంగాయమ్మ నూతి దగ్గర అందరికీ చెప్పింది. గర్వంగా చెప్పలేదు.

ఈ చదువంతా ఇప్పుడు పనికొచ్చే రోజు వచ్చిపడింది. ఆ ఏడాది కాలవలో నీళ్లు తక్కువ. చివరి పొలాలకు వారానికి ఒక్క పగలే వదిలేవారు. నీళ్లొచ్చే దాకా రైతులు తూము పక్కన, కాలవ కాపలా చూసే లస్కరు పాకలో కూర్చుని పేకాడతారు. నీళ్లు రాని ఏడాది చేలకన్నా పేకలే బాగా నలుగుతాయి. పందెం డబ్బు కాదు, నీటి వంతు. మొదటి చేతిలోనే స్కూటని ముక్కలు పడేసినవాడు వరసలో ఒక మెట్టు వెనక్కి పోతాడు. ఆట మధ్యలో పడేస్తే అందరికన్నా ఆఖరికి పోతాడు. ఫుల్ కౌంటు ఇచ్చినవాడి వంతు గెలిచినవాడిదైపోతుంది, వాడికి మళ్లీ వారం దాకా చుక్క లేదు. ఆడనివాడి వంతు వాడికే ఉంటుంది గాని, ఆడనివాడిని ఏమంటారో తెలుసు కాబట్టి ఆడనివాడంటూ ఉండడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పాకలో పేక ఎప్పుడూ నిండుగా ఉండదు. ఒక ముక్క గాలికి కాలవలో పడుతుంది, ఇంకొకటి బల్ల కోడు కిందికి పోతుంది, మరొకదాంతో ఎవరో చుట్ట వెలిగించుకుంటారు. అందుకని కూర్చున్నాక పేక తక్కువైందన్న సాకు చెల్లదు, ముందే చూసుకోవాలి. ముందు చూసుకున్నవాడు ఇంతవరకూ లేడు.

దొరబాబు వంతు రెండోది. మొదటిది అతని భార్య అన్న నూకరాజుది. దొరబాబు నారుమడి అప్పటికే నెర్రెలు తీసింది, నారు కొసలు పండుబారాయి. ఈ వారం తడి తగలకపోతే వచ్చే వారానికి దాన్ని గేదెలు కూడా తినవు. రెండో వంతుతో ఆ మడి నిక్షేపంగా తడుస్తుంది. కాని గురువు దగ్గర ఇంత నేర్చుకుని బావమరిది వెనకాల నీళ్లు పెట్టుకోవడం విద్యకే అవమానమని దొరబాబుకు అనిపించింది. “మా అన్న మీద గెలవకపోతే నిన్నెవరైనా ఏమన్నా అంటున్నారా?” అని మంగాయమ్మ అడిగింది. ఎవరూ అనడం లేదు. అదే అతని బాధ.

“నేనూ వస్తాను పద,” అన్నారు పంతులుగారు, చేటలో ఏరిన బియ్యం పక్కన పెడుతూ.

ఇద్దరూ కాలవ గట్టు మీద నడుస్తుంటే వెనక నుంచి టకటకమని మోత వచ్చింది. లస్కరు ఏడుకొండలు సైకిలు అది. బెల్లు ఎవరో ఎత్తుకుపోయిన నాటి నుంచి అతను వెనక చక్రం చువ్వలకు తగిలేలా ఒక పేకముక్కను బట్టల క్లిప్పుతో బిగించుకున్నాడు. తొక్కుతున్నంతసేపూ ఊరికి సగం మైలు ముందే తన రాక చెబుతుంది. అతను మోపెడ్ కొన్నాడని ఊళ్లో ఒకరిద్దరు ముసలివాళ్లు ఇప్పటికీ నమ్ముతున్నారు.

పంతులుగారు చెయ్యెత్తి ఆపారు. “ఏం ముక్కయ్యా అది?”

“చూళ్లేదండి. పాతది చిరిగిపోతే, మొన్న వంతురోజు పాకలో కింద పడుంటే తీశాను. కాలవ ఎగువన పైలాకు దగ్గరికి వెళ్తున్నానండి, నీళ్లు వదలగానే వచ్చి తూమెత్తాలి.”

పంతులుగారు వంగి చక్రం మెల్లగా తిప్పారు. ముక్క చివర వేలు పెట్టి, “దొరబాబూ, ఇది చూశావా?” అన్నారు.

ఆఠీను ఎనిమిది. దొరబాబు కళ్లు దానివైపు తిరిగాయి కూడా. కాని దొరబాబు ఆ సమయంలో మనసులో లెక్క వేస్తున్నాడు. రెండు పేకలు కలిపి ఆడతారు కాబట్టి ప్రతి ముక్కా రెండుంటుంది, రెండు తలుపులంటే నాలుగు ముక్కలు, ఒక తలుపంటే రెండే. “చూశానండి,” అన్నాడు. ఏడుకొండలు టకటకమంటూ వెళ్లిపోయాడు.

మిగతావాళ్ల ఆట అయిపోయాక పాకలో ముగ్గురు కూర్చున్నారు. దొరబాబు తరువాత నూకరాజు, నూకరాజు తరువాత ఆదివిష్ణు. ఈ ఆదివిష్ణు చేను కాలవ పక్కన పల్లంలో ఉంది. వంతు పోయినా ఊట నీళ్లు ఉంటాయి, అందుకే ఊళ్లో అందరికన్నా ధైర్యంగా ఆడతాడని పేరు. చూసేవాళ్లు నోరు విప్పకూడదు కాబట్టి పంతులుగారు శిష్యుడి వెనక నిట్రాటకు చేరగిలబడి కళ్లు మూసుకున్నారు.

దొరబాబు చేతిలో పడ్డ ముక్కలు చూస్తే దేవుడికి కూడా పేకాట సరదా ఉందనిపిస్తుంది. మూడు రాజులు, మూడు నాలుగులు, ఒక జోకరు, మిగతావీ తొందరగా సర్దుకునేవే. లైఫే లేదు. దానికి మిగిలింది ఆఠీను ఏడు, ఆఠీను తొమ్మిది. మధ్యలో ఎనిమిది పడితే చాలు. ఒకటే తలుపు. మొదటి చేతిలోనే లేవచ్చు, మూడో వంతుకు పోతాడు, అంతే. అందమైన ముక్కలు పట్టుకుని లేవడం ఎలా?

“ఏంటి బావా, ముక్కల్ని అంత ప్రేమగా చూస్తున్నావు? మా చెల్లెల్ని ఎప్పుడైనా అలా చూశావా?” అన్నాడు నూకరాజు.

“నీ ముక్కలు నువ్వు చూసుకో బావా.”

ఆట నాలుగు చుట్లు తిరిగింది. నూకరాజు ఒక ఆఠీను ఎనిమిది కింద పడేశాడు. తరువాతి చేయి ఆదివిష్ణుది కాబట్టి అది దొరబాబుకు అందలేదు. ఆదివిష్ణు దాని మీద ఇంకో ముక్క వేసి కప్పేశాడు. దొరబాబు నిట్టూర్చలేదు, లెక్క వేశాడు. ఒకటి పోయింది, ఇంకొకటి ఉంది. పేక తరుగుతున్నకొద్దీ అది పైకి దగ్గరవుతోంది, ప్రతి చేతికీ అవకాశం పెరుగుతోంది. లెక్క తప్పు లేదు. గురువుగారు నేర్పిన లెక్కే.

తరువాతి చేతిలో ఆఠీను పది వచ్చింది. దాన్ని తొమ్మిది పక్కన ఉంచుకుని ఏడు వదిలేస్తే రెండో తలుపు తెరుచుకునేది, జాకీ వచ్చినా సరిపోయేది. కాని ఇంతసేపు దాచుకున్న ఏడు మీద మమకారం పుట్టింది. వదలబుద్ధి కాక పదినే వదిలాడు. నూకరాజు దాన్ని అందుకుని ముద్దు పెట్టుకున్నాడు.

“ఇంక లే బావా. మంగ గట్టు మీద పార పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆఖరికైనా నీళ్లొస్తాయని వెళ్లి చెప్పు.”

“ఇంకొక్క ముక్క.”

“ఆ ముక్క పేరేంటో చెప్పు, నేనే ఇస్తాను,” అన్నాడు నూకరాజు. ఆదివిష్ణు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. అతని చేతిలో ముక్కలు అంతకన్నా నవ్వొచ్చేలా ఉన్నాయని తరువాత తెలిసింది.

ఇంకొకటి తీశాడు. కళావరు మూడు. ఇంకొకటి. డైమను రాణి. పేక సగానికి దిగింది. లేస్తే ఆఖరి వంతు, కూర్చుంటే వారం ఎండ. కాని ఎనిమిది వస్తే రెండు వంతులు. ఇన్ని చేతులు ఎదురుచూశాక ఇప్పుడు లేస్తే ఆ ఎదురుచూపంతా ఏమైపోవాలి? చెయ్యి మళ్లీ పేక వైపు పోయింది.

అప్పుడు గట్టు అవతల నుంచి మోత వినిపించింది. టకటక, టకటక. నీళ్లు వదిలారు. ఏడుకొండలు తూమెత్తడానికి వస్తున్నాడు.

“తియ్యి బావా, తొందరగా. లస్కరు వచ్చేస్తున్నాడు.”

దొరబాబు చెయ్యి పేక మీదే ఆగింది. టకటక, టకటక. ఆ మోత లోపల ఎక్కడో గురువుగారి వేలు కనిపించింది. వేలి కింద ఎండకు వెలిసిన ఎర్ర గుండెలు, వాటి పైన చువ్వల దెబ్బకు చివర వంగిన అంకె. పొద్దున కళ్లు చూసినదాన్ని దొరబాబు ఇప్పుడు చూశాడు. నూకరాజు పడేసింది పోగా తాను ఎదురుచూస్తున్న రెండో ఎనిమిది గట్టు మీద సైకిలెక్కి వస్తోంది. పేకలో లేదు. ఆట మొదలు పెట్టినప్పుడూ లేదు. ఈ పేకంతా చివరి ముక్క దాకా తీసినా రాదు.

మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. పంతులుగారి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆయన నిజంగా నిద్రపోయారా, నిద్ర నటించారా అన్నదాని మీద ఊళ్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

“స్కూట్,” అన్నాడు దొరబాబు. మూడు రాజులూ, మూడు నాలుగులూ, అంత మమకారం పెంచుకున్న ఏడూ బోర్లా పడ్డాయి.

“అయ్యో బావా, మంచి ముక్కలే అనుకున్నానే!” అన్నాడు నూకరాజు జాలిగా. తరువాతి చేతిలోనే ఆఠీను జాకీ తీసి, దొరబాబు వదిలిన పదిని ఆసరా చేసుకుని షో చెప్పాడు. ఆదివిష్ణు ఫుల్ కౌంటు ఇచ్చి, ఊట నీళ్లను తలుచుకుని ఆవులించాడు. తాను కూర్చుని ఉంటే ఏమయ్యేదో దొరబాబుకు అర్థమైంది. ఆ వెంటనే, పొద్దుటి నుంచీ గుండె మీద ఎవరో కూర్చుని ఇప్పుడే లేచి వెళ్లినట్టు, ఊపిరి దానంతట అదే ఆడింది.

ఆఖరి వంతంటే ఆఖరిదే. నూకరాజు రెండు వంతులూ పెట్టుకుని, మిగతావాళ్లూ పెట్టుకున్నాక పొద్దు వాలేవేళకు దొరబాబు బోదెలోకి నీళ్లు మళ్లాయి. నిండుగా ఏమీ రాలేదు. కాని వచ్చాయి. ఎండిన నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే మడంతా గుటకలు వేస్తున్నట్టు చప్పుడైంది. మంగాయమ్మ పారతో గండి వెడల్పు చేస్తూ, “మా అన్న ముందు తడుపుకున్నాడా? తడుపుకోనీ. తాను ఏ వంతులో తాగానో నారేమన్నా గుర్తు పెట్టుకుంటుందా?” అంది. భర్త మీద ఆమె కోపం ఇంకా పోలేదు గాని, ముఖం మాత్రం తేటపడింది. దొరబాబు కాళ్లు బురదలో దిగేసి అలాగే నిలబడిపోయాడు. చాలా రోజుల తరువాత అతను ఏ లెక్కా వెయ్యకుండా నిలబడ్డాడు.

పంతులుగారు గట్టు మీద గొడుగు ఆనించుకుని కూర్చున్నారు. దొరబాబు దగ్గరకొచ్చి చేతులు కట్టుకున్నాడు. బురద చేతులు కాబట్టి పొద్దుటంత శోభగా లేదు.

“పొద్దున్నే చూపించారు గురువుగారూ. నాకే కళ్లు లేకపోయాయి. అయినా ఒక సందేహం. ఆ ముక్క సైకిలుకు ఉంది కాబట్టి మోత వినబడింది, లేచాను. మోత లేకపోతే ఎలా తెలుస్తుందండీ?”

తూము దించి ఏడుకొండలు ఇంటిదారి పట్టాడు. టకటకమంటూ గట్టు మీద నుంచి ఆ మోత దూరమై, దూరమై, చివరికి వినబడకుండా పోయింది. అది పూర్తిగా ఆగేదాకా పంతులుగారు చెవి ఒగ్గి విన్నారు.

“మోత చేస్తూ పోయింది అదొక్కటే దొరబాబూ,” అన్నారు గొడుగు తీసుకుని లేస్తూ. “మిగతావి చప్పుడు లేకుండా పోతాయి.”