మోకులో ఏడో పేట

మిట్టమధ్యాహ్నం. ఎండ కాస్తోంది. గాలి లేదు. అలాంటి వేళ ఒక రాజు పొరుగు దీవి రేవులో నిలబడి, ఒక మోకు విప్పించాడు.

ఏ రాజు? ఏ మోకు? చెబుతాను. దగ్గరికి జరగండి.

ఒకానొక సముద్రంలో ఏడు దీవులుండేవి. ఒక దీవిలో బియ్యం పండేది. ఒక దీవిలో కలప పెరిగేది. ఒకచోట కుండలు చేసేవారు, ఒకచోట నూనె ఆడేవారు, ఒకచోట నూలు వడికేవారు, ఒకచోట కొబ్బరినార పేనేవారు. ఏడోది ఉప్పుదీవి. అక్కడ ఉప్పు తప్ప ఇంకేమీ పుట్టదు. మన రాజు ఆ ఉప్పుదీవికి రాజు. పేరు లవణకేతు.

ఏడు దీవులకూ కలిపి ఒక మోకు ఉండేది. మోకంటే లావుపాటి తాడు. దానికి ఏడు పేటలు. దీవికొక పేట. ఏడూ కలిపి నారదీవిలో పురి పెట్టేవారు. ఆ మోకులోంచి తీసిన పోగు ఏ పడవ ముక్కుకు కట్టి ఉంటే, ఆ పడవ ఏ రేవుకైనా పోవచ్చు. "ఎవరు నువ్వు? ఏం తెచ్చావు? సుంకం కట్టు" అని అడిగేవాడే లేడు.

అది గిట్టనివాడు ఒక్కడే. సముద్రం మధ్య బండమీద ఉండే జంభకుడు. మాంత్రికుడు. వాడి తిండి సుంకం. సుంకాలే లేవాయె, వెదురుబద్దలా ఎండిపోయాడు.

ఒకనాడు వాడు ఉప్పుదీవి సభకు వచ్చాడు.

"రాజా, మీ ఉప్పు లేకపోతే వాళ్ళకు కూడు లేదు. అవునా?"

"అవును" అన్నాడు రాజు.

ఆ మాటకు జంభకుడు జానెడు పెరిగాడు. ఎవరూ గమనించలేదు.

"మరి వాళ్ళ మోకులో మీరు ఒక పేటగా పడి ఉండడమేమిటి? మీ అంతట మీరే ఒక మోకు. అవునా?"

"అవునవును" అంది సభంతా. జంభకుడి తల దూలానికి తగిలింది.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి వదలడు. నడిమివాడు గుణధీరుడు, మర్యాద వదలడు. చిన్నవాడు మణిధీరుడు. వాణ్ణి ఆ పేరుతో ఎవరూ పిలవరు. నోరు తెరిస్తే "ఎందుకు?" అంటాడని అందరూ ఎందుకయ్య అంటారు.

"నాన్నగారూ, ఎందుకు?" అన్నాడు ఎందుకయ్య.

"ఏమిటి ఎందుకు?"

"మన ఉప్పు లేకపోతే వాళ్ళకు కూడెందుకు ఉండదు? బియ్యం వాళ్ళ దగ్గర కదా ఉంది?"

సభ నవ్వింది. "కూర్చో నాయనా" అన్నాడు రాజు.

మర్నాడే ఆ ఎండలో, ఆ మధ్యాహ్నం, మోకులోంచి ఏడో పేట లాగేశారు. రాజు దాన్ని భుజాన వేసుకుని ఊరేగుతూ ఇంటికి వచ్చాడు. తప్పెట్లు మోగాయి. ఆ రాత్రి పేటను ఒక మూలన పడేశాడు.

రాణి వనమాలాదేవి దాన్ని తీసి చూసింది. ఆమె పుట్టిల్లు నారదీవి. ఆ దీవి రాజు ఆమెకు స్వయానా అన్న. పేట ఒక కొస స్తంభానికి కట్టింది. రెండో కొస చేత్తో పట్టుకుని తిప్పింది. అప్పటినుంచి పొద్దున్నే నీళ్ళు చిలకరించేది, పురి ఎక్కించేది.

"అది ఇంకెందుకు?" అన్నాడు రాజు.

"తాడు కదండీ" అంది రాణి. "పురి పోతే పనికిరాదు."

తర్వాత ఏమైంది?

ముందు ఏమీ కాలేదు. జనం సంబరపడ్డారు. ఆ తర్వాత చెక్కపారలు విరిగాయి. ఉప్పు గోకేది ఆ పారలతోనే. కలపదీవి నుంచి చెక్క రావాలి, రాలేదు. దీపాలకు నూనె తగ్గింది. బియ్యం పడవ వస్తే దాని దగ్గర తోపులాట. ఉప్పు మాత్రం కొండలా పెరిగింది. పోగు లేని పడవకు ప్రతి రేవులోనూ సుంకమే, కొనేవాడు లేడు. వానాకాలం వచ్చింది. కొండ కరిగి వచ్చిన దారినే సముద్రంలోకి పోయింది. ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళు నెత్తిన గోనెలు కప్పుకుని నిలబడి దాన్ని చూశారు. కుర్రవాళ్ళు పని వెతుక్కుంటూ పరాయి రేవులకు పోయారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

అవతల దీవులు బాగున్నాయా? అక్కడా బాగాలేదు. చేపలు ఎండబెట్టుకోవడానికి ఉప్పు లేదు. ఊరగాయలు బూజు పట్టాయి. అటువాళ్ళు ఇటువాళ్ళను తిట్టారు, ఇటువాళ్ళు అటువాళ్ళను తిట్టారు.

సభ రెండుగా చీలింది. విప్పడం మంచిదే అన్నవాళ్ళు కుడిపక్క, కాదన్నవాళ్ళు ఎడమపక్క. మంత్రి కుడిపక్క, మంత్రి తమ్ముడు ఎడమపక్క. ఇంటికి పోయి కూడా ఎడమొహం పెడమొహం. రాజు మాత్రం రోజూ ఒకటే మాట: "రేపటికి సర్దుకుంటుంది."

పడవలెందుకు తిరిగి రాలేదో ఒకనాడు తెలిసింది. జంభకుడు సముద్రం మీద తలుపు కడుతున్నాడు. అటు పోయే పడవను ఆపుతున్నాడు, ఇటు వచ్చే పడవను ఆపుతున్నాడు. ఆపిందాంట్లో సగం మింగుతున్నాడు. తలుపుకు రెండు గుంజలు కావాలి, ఒక గడియ కావాలి. వాటికోసం చూస్తున్నాడు.

"నేను పోయి వాణ్ణి నరుకుతాను" అని పెద్దవాడు కత్తి పట్టుకుని బయల్దేరాడు.

జంభకుడు వాణ్ణి చూసి నవ్వాడు. "రా బాబూ. మీ ఉప్పు లేకపోతే వాళ్ళకు కూడు లేదు. అవునా?"

"అవును! అయితే ఏంటట?" అని కత్తెత్తాడు రణధీరుడు. అవును అన్న నోరు అన్నట్టే రాయైంది, మనిషంతా రాయయ్యాడు. తలుపుకు ఒక గుంజ దొరికింది.

"నేను పోయి మంచిగా మాట్లాడతాను" అని నడిమివాడు పళ్ళూ పూలూ పట్టుకుని బయల్దేరాడు. జంభకుడు అదే అడిగాడు. ఎదుటివాణ్ణి నొప్పించడం ఎందుకని "అవునండి" అన్నాడు గుణధీరుడు. రెండో గుంజ దొరికింది.

చేపలకు వెళ్ళినవాళ్ళు వచ్చి రాణికి చెప్పారు. ఆమె పేట దగ్గరికి పోయి కొస పట్టుకుంది. ఆ పూట పురి సరిగా ఎక్కలేదు.

ఎందుకయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నేను వెళ్తాను."

"వద్దు."

"ఎందుకు?"

"వాడికి ఇక గడియ ఒక్కటే కావాలి. నువ్వు గడియవైతే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. నాకు ఇంకెవరున్నారు?"

"నేను వెళ్ళకపోతే అన్నయ్యలు?"

రాణి లేచి పేటను కొసనుంచి కొసదాకా తడిమింది. తర్వాత స్తంభం నుంచి పేట విప్పి, చుట్టచుట్టి, వాడి భుజాన వేసింది.

"వానలు వెలిశాక నారదీవిలో మోకు లాగి బిగిస్తారు. బిగిస్తే మన పేట సందు మూసుకుపోతుంది. తర్వాత ఏం చేసినా పట్టదు. ఆలోపల వెళ్ళు. పురి వదలకు." ఆగి మళ్ళీ అంది. "వేళకు తిను."

ఎందుకయ్య పడవెక్కి ఒక సుడి దాటాడు, రెండు సుడులు దాటాడు, ఏడు సుడులు దాటాడు. ఏడో సుడి అవతల తలుపు కనిపించింది. తలుపు ముందు ముగ్గురు వరుసగా నిలబడి ఉన్నారు. తాబేలు, నీటికాకి, ఎండ్రకాయ.

"ఎందుకు ఏడుస్తున్నావు?" అని తాబేలును అడిగాడు.

"ఏటా నారదీవి ఇసుకలో గుడ్లు పెడతాను నాయనా. గుడ్లకు సుంకం కట్టమంటాడు వీడు. ఇంకా పెట్టనే లేదు కదా!"

"నువ్వెందుకు దిగాలుగా ఉన్నావు?" అని నీటికాకిని అడిగాడు.

"ఇటు మునిగి అటు తేలాను. నోట్లో చేప ఎటువైపుదో చెప్పమంటాడు. చేపకే తెలియదు, నాకేం తెలుసు?"

"మరి నువ్వు?"

"నేను పక్కకు నడుస్తాను కదా" అంది ఎండ్రకాయ. "లోపలికి వస్తున్నావా, బయటికి పోతున్నావా, తేల్చి చెప్పు అంటాడు. పొద్దుటినుంచీ ఇదే గోల."

ఎందుకయ్యకు నవ్వొచ్చింది. గుంజలు చూశాక నవ్వు పోయింది. ఒక గుంజ చేతిలో కత్తి. ఒక గుంజ చేతిలో ఎండిన పూలు.

జంభకుడు కిందికి వంగాడు. అప్పటికి తాటిచెట్టంత ఉన్నాడు. "వచ్చావా? మీ ఉప్పు లేకపోతే వాళ్ళకు కూడు లేదు. అవునా?"

"ఎందుకు?"

"ఎందుకేమిటి? అవునను!"

"అంటాను. ఎందుకో చెప్పు, అంటాను."

"అందరూ అన్నారు! మీ అన్నలన్నారు! మీ అయ్య అన్నాడు!"

"వాళ్ళకు ఎవరు చెప్పారు?"

"నేను!"

"నీకెవరు చెప్పారు?"

జంభకుడికి చెమట పట్టింది. "ఉండు, అడిగొస్తా" అని సముద్రంలో అంగలు వేసుకుంటూ తన బండవైపు పోయాడు.

"ఎవర్ని అడుగుతాడు?" అన్నాడు ఎందుకయ్య.

"నాకూ చూడాలనుంది" అంది తాబేలు. "ఎక్కు."

నీటికాకి పైనుంచి దారి చూపింది. ఎండ్రకాయ తాబేలు వీపుమీద ఒక పక్కగా కూర్చుంది. బండ చేరేసరికి జంభకుడు ఒక పంజరం ముందు మోకాళ్ళమీద ఉన్నాడు. పంజరంలో పచ్చటి చిలక. అందులోనే వాడి ప్రాణం.

"చెప్పవే! ఎందుకు?" అని అరుస్తున్నాడు.

"మీ ఉప్పు లేకపోతే వాళ్ళకు కూడు లేదు, అవునా?" అంది చిలక. అదొక్కటే వచ్చు దానికి. వాడు నేర్పిందదే.

ఎందుకయ్య ముందుకు వచ్చి మెల్లగా అడిగాడు. "చిలకా, ఎందుకు?"

చిలక తల ఇటు వంచింది.

"నీకెలా తెలుసు?"

చిలక తల అటు వంచింది.

"ఆ దీవులు నువ్వెప్పుడైనా చూశావా?"

చిలక చాలాసేపు ఆలోచించింది. ఇంతవరకూ దాన్ని అరవకుండా ఎవరూ ఏదీ అడగలేదు. ఆఖరికి అంది, "నాకు తెలియదు."

జంభకుడు గాలి తీసిన కొలిమితిత్తిలా కూలిపోయాడు. తాటిచెట్టంతవాడు మనిషంతయ్యాడు, మనిషంతవాడు జానెడయ్యాడు.

"చూసి రావాలని ఉంది" అంది చిలక.

ఎండ్రకాయ డెక్కలతో పంజరం పుల్ల తుంచింది. చిలక రివ్వున ఎగిరి దీవులవైపు పోయింది. జానెడు జంభకుడు ఒక్కసారి కీచుమన్నాడు. తర్వాత అక్కడ ఏమీ లేదు.

తలుపు దగ్గర రెండు గుంజలూ నీళ్ళలో పడి గిలగిల కొట్టుకున్నాయి.

"ఎవడ్రా నన్ను తోసింది?" అన్నాడు పెద్దవాడు.

"క్షమించాలి, నా కాలు తగిలిందేమో" అన్నాడు నడిమివాడు.

ముగ్గురూ తాబేలు వెంట నారదీవి చేరారు. వాన వెలిసింది. రేవులో ఆరుగురు రాజులు మోకు పట్టుకుని లాగడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఆగండి మామయ్యా!" అని అరిచాడు ఎందుకయ్య.

నారదీవి రాజు మేనల్లుళ్ళను చూశాడు. కళ్ళు చెమర్చాయి. అయినా గొంతు గట్టిగానే పెట్టాడు. "పోయినవాళ్ళు పోయారు. మా దగ్గర ఊరగాయలు బూజు పట్టాయి తెలుసా? అసలెందుకు పోయారు మీరు?"

"నాకు తెలియదు మామయ్యా. నేనూ అడిగాను. ఎవరూ చెప్పలేదు."

కలపదీవి రాజు ఫక్కున నవ్వాడు. మిగతావాళ్ళు నవ్వకుండా ఉండాలని చూశారు. కుదరలేదు.

"సరే" అన్నాడు మేనమామ. "మీ నాన్న మా మధ్య మొదటి పీటమీద కూర్చునేవాడు. ఇప్పుడు చివరి పీట. ఒప్పుకుంటాడా?"

"నేను ఒప్పిస్తాను. కానీ సందు మూసుకుపోలేదా?"

"మూసుకుపోనిస్తానా?" అందొక గొంతు. మేనమామ కూతురు తరళ. మోకు దగ్గరికి పోయి చూపించింది. ఏడో పేట ఉండాల్సిన సందులో పొడుగునా సన్నటి వెదురుబద్ద దూర్చి ఉంది. "ఎవరికీ చెప్పకుండా పెట్టాను. అత్తయ్య అక్కడ పురి పోనివ్వదని నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

"బావా, ప్రశ్నలు తర్వాత. ఆ కొస పట్టుకో. పురి ఎక్కించాలంటే ఇద్దరుండాలి."

ఆమె ఒక కొస, అతను ఒక కొస. ఆమె ఇటు తిప్పింది, అతను అటు తిప్పాడు. వెదురుబద్ద లాగుతూ, పేట కూర్చుతూ పోయారు. తర్వాత ఆరుగురు రాజులూ లాగారు. మోకు బిగిసింది.

అలా మొదలైన జంట పెళ్ళిపీటల దాకా వచ్చింది. లవణకేతు చివరి పీట సంగతి విని మూడు రోజులు అన్నం మానేశాడు, నాలుగో రోజు పోయి కూర్చున్నాడు. అన్నలిద్దరూ మాకొద్దన్నారు గనుక కొన్నాళ్ళకు ఎందుకయ్య రాజయ్యాడు. తలపండేదాకా ఏలాడు. ఏ పని చేసేముందైనా సభలో ఎందుకని అడిగేవాళ్ళకు ముందు పీట వేయించాడు. చిలక అప్పుడప్పుడు వచ్చి తను చూసినవి చెప్పి పోయేది.

కానీ వాళ్ళు తిరిగొచ్చిన రోజు సంగతి చెప్పలేదు కదూ.

అదీ మధ్యాహ్నమే. ఎండ కాస్తోంది. గాలి ఉంది. ఉప్పుదీవి రేవు నిండా తల్లులు. తలుపు పోయింది కదా, పరాయి రేవుల్లో చిక్కుకున్న పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ప్రతి తల్లీ చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఎవరి బిడ్డ కనిపిస్తే వాళ్ళు నీళ్ళలోకి పరుగెత్తుతున్నారు.

రాణి పరుగెత్తలేదు. నిలబడ్డచోటే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

పెద్దవాడు. నడిమివాడు. చిన్నవాడు. వెనకాల అన్న కూతురు.

సరిపోయింది. ఆమె వేళ్ళు విప్పింది. మళ్ళీ మొదటినుంచి మడిచింది.

పెద్దవాడు. నడిమివాడు. చిన్నవాడు.