పసుపు బొట్టు పడ్డ కబురు

వేగిచర్ల సంస్థానంలో దండోరా వేసే గవరయ్య ఏ కబురైనా కళ్లారా చూసొచ్చాకే చాటేవాడు. విన్నవాళ్లు గుప్పెడు గింజలు పెట్టేవారు. కొత్త దివాను సంతలో తెల్లగోడ కట్టించి, ఎవరి కబురు వాళ్లే ఊరికే రాసుకోమన్నాడు.

"ఇక నీ డప్పు అటకెక్కించరా!" అని నవ్వాడు.

ఒకనాడు గోడమీద ఎవరో "దివానుగారు పోయారు" అని రాశారు. దివాను వెళ్లి "బతికే ఉన్నాను" అని రాస్తే, అది ఆకతాయి పనన్నారు జనం. కోట కాపలావాళ్లు ఆయన్ను చూసి, దయ్యమనుకుని తలుపులు మూశారు.

దివాను గవరయ్య ఇంటికి పరుగెత్తాడు. "బతికున్నానని చాటవయ్యా!"

"డప్పు అటకమీదుంది దొరా. గోడమీదే చెబుదాం. నేను చూసొచ్చిన కబురుకు పసుపు బొట్టు పెడతాను. బొట్టున్న కబురు చదివేవాళ్లు గుప్పెడు గింజలు పెట్టాలి."

"అలాగే, ముందు పెట్టు!"

గవరయ్య తాపీగా దివాను నాడి పట్టుకున్నాడు.

"కదలకండి దొరా. చూడకుండా ఎలా పెడతాను?"